షెడ్డులో పసుపు ట్రాక్టర్ దొరికింది: అమ్మేయాలా, ఉంచుకోవాలా?

కొత్తచాలు | డేటన్, ఒహాయో | ఏప్రిల్ 9

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఈ చర్చావేదికలో కూరగాయల విభాగం చదువుతున్నాను. రాయడం ఇదే మొదలు.

మార్చిలో ఎకరంన్నర స్థలం ఉన్న పాత ఇల్లు కొన్నాం. తాళాలు ఇస్తూ ఆ ఇంటి పెద్దాయన, వెనక షెడ్డులో ఉన్నవన్నీ మీకే అన్నారు. విరిగిన నిచ్చెనలు, రంగు డబ్బాలు ఉంటాయనుకున్నాను. తలుపు తీస్తే మూలన పట్టా కింద ఒక బుల్లి ట్రాక్టర్. పసుపు ఒళ్లు, తెల్ల చక్రాలు. సీటులోని స్పాంజి సగం ఎలుకల పాలైంది. బానెట్ మీద కబ్ క్యాడెట్ అని ఉంది. ఇంజన్ పైరేకు మీద పలకలో కోలర్ కె301 అని చదవగలిగాను. ఎడమవైపు క్లచ్ పెడలు, రెండు కాళ్ల మధ్య గేరు కర్ర.

మా ఆవిడ పాత ఇనుము వాళ్లను పిలవమంటోంది. నాకేమో చేతులు రావడం లేదు. ఇది పనిచేసే వస్తువేనా? దీనితో గడ్డి కోయవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి. ఫొటోలు ఆరు జత చేశాను.

పాయింటుగ్యాప్ | మిషిగన్ | ఏప్రిల్ 9

ఇనుము వాళ్లను పిలవకండి. ముందు ఆ మాట ఇంట్లో చెప్పి వచ్చి మిగతాది చదవండి.

మీ దగ్గర ఉన్నది ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ చేసిన కబ్ క్యాడెట్. క్లచ్ పెడలు ఉంది, ఇంజన్ 12 గుర్రాలది, బానెట్ ఆకారం అరవైల మధ్య నాటిది. నాలుగో ఫొటో చూస్తే 122 అనే మోడల్ అనిపిస్తోంది. దాని జోడు 123లో క్లచ్, గేర్లు ఉండవు, హైడ్రోస్టాటిక్, అంటే నూనె ఒత్తిడితో నడిచేది. గేరు కర్ర ఉంది కాబట్టి ఆ అనుమానం లేదు. ముందుకు మూడు గేర్లు, వెనక్కి ఒకటి.

ఇప్పుడు చేయకూడని పని: బ్యాటరీ పెట్టి తాళం తిప్పడం. ఎన్నేళ్లు పడి ఉందో తెలియదు. ముందు స్పార్క్ ప్లగ్గు విప్పండి. ఆ రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున చేత్తో తిప్పండి. తిరిగితే సగం గెలిచినట్టే. పాత ఆయిల్ దించేటప్పుడు రంగు చూడండి. మజ్జిగలా ఉంటే లోపల నీరు చేరినట్టు.

ఇంకొకటి. సీటు ఎలుకలు తిన్నాయంటున్నారు కదా, అవి సీటుతో ఆగవు. ఇది గాలితో చల్లబడే ఇంజన్. ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) మీది రేకు విప్పి చూడండి, సిలిండర్ రెక్కల మధ్య గూడు కట్టి ఉంటాయి. దాన్ని తీయకుండా నడిపితే గాలి ఆడక ఇంజన్ మాడిపోతుంది.

దాపటెద్దు | సౌత్ బెండ్, ఇండియానా | ఏప్రిల్ 10

మరో మనిషి మునిగాడు. స్వాగతం.

గడ్డి కోయవచ్చా అని అడిగారు. ఇది గడ్డి బండి కాదండి, తోట ట్రాక్టర్. తేడా ఉంది. ఇప్పుడు దుకాణాల్లో వరసగా నిలబెట్టి అమ్మేవాటిలో ఎక్కువ భాగం గడ్డి కోయడానికి మాత్రమే పుట్టినవి. పల్చటి రేకు చట్రం, తేలికపాటి గేరుపెట్టె. నాగలి తగిలిస్తే నెల తిరక్కుండా అరిగిపోతాయి. మీ దానికి వెనక ఉన్నది పోత ఇనుము గేర్‌బాక్స్. పెద్ద ట్రాక్టర్లు చేసిన వాళ్లే, తమ ఫార్మాల్ కబ్ అనే పొలం ట్రాక్టర్ కుటుంబపు గేర్ల అనుభవంతో చేశారు. బరువు దాదాపు 300 కిలోలు. నాగలి, మంచు నెట్టే పలక, బండి, కోత డెక్ (గడ్డి కోసే బ్లేడ్లుండే పెట్టె), ఏది తగిలిస్తే ఆ పని చేస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో ఊళ్ల బయట ఎకరం, రెండెకరాల ఇళ్లు పెరిగాయి. అలాంటి ఇంటివాళ్లకు పెద్ద ట్రాక్టర్ ఎక్కువ, తోపుడు యంత్రం తక్కువ. ఆ సందులోకి వచ్చినవే ఇవన్నీ. మా ఊళ్లో ఎల్మర్ పాండ్, ఆయన కొడుకు సెసిల్ పాండ్ 1946లో మొదలుపెట్టిన వీల్ హార్స్ కంపెనీ ముందు వరసలో ఉండేది. ఇంటర్నేషనల్ వాళ్లు 1960లో కెంటకీలోని లూయీవిల్ కర్మాగారం నుంచి మొదటి కబ్ క్యాడెట్ దింపారు, దానికి 7 గుర్రాల ఇంజన్. ఆకుపచ్చ బళ్ల జాన్ డీర్ వాళ్లు 1963లో 110 అనే మోడల్ తెచ్చారు. ఇక మీరు ఏ జట్టులో చేరతారో చూద్దాం, నాది ఎరుపు, అంటే వీల్ హార్స్.

ఆకుపచ్చపిచ్చి | మిల్వాకీ, విస్కాన్సిన్ | ఏప్రిల్ 10

ఎరుపు గిరుపు అని కొత్తవాళ్లను పాడుచేయకండి. జాన్ డీర్ 110 పుట్టింది మా రాష్ట్రంలో, హొరికాన్‌లో. సింప్లిసిటీ, బోలెన్స్ రెండూ మా పోర్ట్ వాషింగ్టన్‌లో పుట్టినవే. ఒక చిన్న ఊళ్లో రెండు తోట ట్రాక్టర్ల కంపెనీలు! విస్కాన్సిన్ తర్వాతే ఎవరైనా.

పసుపు బండి కూడా మంచిదే లెండి.

మల్లెపందిరి | ఎడిసన్, న్యూజెర్సీ | ఏప్రిల్ 10

దాపటెద్దు గారూ, ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నాను. మీ పేరు వీల్ హార్స్‌కు అనువాదమా?

దాపటెద్దు | సౌత్ బెండ్, ఇండియానా | ఏప్రిల్ 10

కనిపెట్టారు! వీల్ హార్స్ అంటే బండి చక్రాలకు అతి దగ్గరగా కట్టే గుర్రం. ముందు ఎన్ని గుర్రాలున్నా అసలు బరువు దాని మీదే పడుతుంది. మన ఎడ్లలో అలాంటిది ఏదా అని ఆలోచించి దాపటెద్దు (కాడికి ఎడమవైపు కట్టే ఎద్దు) అని పెట్టుకున్నాను.

పాయింటుగ్యాప్ | మిషిగన్ | ఏప్రిల్ 10

ఒకే కాడికి రెండు ఎడ్లు కడితే దాపటికి ఒక బరువు, వలపటికి ఒక బరువు ఎక్కడిది? పేరు మార్చుకోండి.

కొత్తచాలు | డేటన్, ఒహాయో | ఏప్రిల్ 14

ఇంజన్ తిరిగింది! ఆయిల్ నల్లగా ఉంది కానీ మజ్జిగ కాదు. ఫ్లైవీల్ రేకు కింద గూడు ఉంది, బకెట్ సగం నిండింది. అందులో వాల్‌నట్ డొల్లలు, ఒక బొమ్మ సైనికుడి చెయ్యి.

ఇంకో సంగతి. బానెట్ ఎత్తి లోపలి వైపు టార్చి వేస్తే పెన్సిల్ రాత కనబడింది. పైనుంచి కిందికి తేదీలు. ఆయిల్ మార్చినప్పుడల్లా పెద్దాయన రాసుకున్నట్టున్నారు. మొదటిది 1967 మే, చివరిది 2006 సెప్టెంబరు. ఒకచోట తేదీ పక్కన "కొత్త ప్లగ్గు" అని, ఇంకోచోట "మార్టీ వాడాడు, ఆయిల్ చూడలేదు" అని ఉంది. మార్టీ ఎవరో గానీ తిట్లు తిన్నాడు.

ఆ ఫొటో మా ఆవిడకు చూపించాను. ఇనుము వాళ్ల మాట అప్పటినుంచి ఎత్తలేదు.

ప్లగ్గు కొత్తది వేశాను, నిప్పురవ్వ రావడం లేదు. ఇప్పుడు ఏం చేయాలి?

పాయింటుగ్యాప్ | మిషిగన్ | ఏప్రిల్ 14

నా పేరు పెట్టుకున్నదే ఇందుకు.

మీ నాన్నగారికో బాబాయికో పాత బుల్లెట్టో రాజ్‌దూతో ఉండేదా? ఉంటే ఆదివారం పొద్దున వాళ్లు చేసిన పనే ఇది. ఇంజన్ పక్కన చిన్న రేకు మూత ఉంటుంది. విప్పితే లోపల పాయింట్లు, అంటే నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి తెంచే రెండు లోహపు ముక్కలు. ఏళ్ల తరబడి వాడకపోతే వాటి మొహాల మీద చిలుము పొర పట్టి కరెంటు పారదు. చాలాసార్లు కాయిలూ పోలేదు, కండెన్సరూ పోలేదు, ఆ పొరే దోషి.

నున్నటి ఆకురాయితో ఒక్కసారి తేలిగ్గా రుద్దండి. తర్వాత శుభ్రమైన తెల్ల కాగితం ముక్క పాయింట్ల మధ్య పెట్టి మూసి, మెల్లగా లాగండి. కాగితం మీద బూడిదరంగు గీత పడుతుంది. ఇంకో ముక్క, ఇంకో గీత. గీత పడని దాకా లాగుతూనే ఉండండి. రుద్దిన పొడి, నూనె జిడ్డు ఏదీ మిగలకూడదు, మీ వేలి జిడ్డు కూడా. తర్వాత ఇంజన్ తిప్పి పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపి, ఫీలర్ గేజితో (సందు కొలిచే పల్చటి రేకు) అంగుళంలో వెయ్యింట 20 వంతులు పెట్టండి. ప్లగ్గుకు 35 వంతులు. మర బిగించేటప్పుడు గ్యాప్ కదులుతుంది, అందరికీ కదులుతుంది. బిగించాక మళ్లీ కొలవండి.

కొత్తచాలు | డేటన్, ఒహాయో | ఏప్రిల్ 16

పదకొండు కాగితం ముక్కలు. పన్నెండోది తెల్లగా వచ్చింది. నీలం రవ్వ! కార్బురేటర్ గొట్టంలో చెంచాడు పెట్రోలు పోస్తే నాలుగు సెకన్లు మోగి ఆగిపోయింది. ఆ నాలుగు సెకన్లకు పక్కింటివాళ్లు బయటికి వచ్చారు.

ట్యాంకు లోపల మాత్రం ఎర్రమట్టి రోడ్డులా ఉంది. కార్బురేటర్‌లో బంక.

మల్లెపందిరి | ఎడిసన్, న్యూజెర్సీ | ఏప్రిల్ 16

కార్బురేటర్ నా విభాగం. మా ఆయన ట్రాక్టర్లు కొంటారు, నేను బాగు చేస్తాను. మా ఇంట్లో ఏర్పాటు అది.

విప్పే ముందు ప్రతి అడుగుకూ ఫొటో తీయండి. తేలే బుడ్డి అటూ ఇటూ ఊపి వినండి, లోపల పెట్రోలు చప్పుడు వస్తే చిల్లి పడినట్టు, మార్చాల్సిందే. కొత్త గ్యాస్కెట్లు, సూది, దాని పీట ఉన్న కిట్టు దొరుకుతుంది. పాత రబ్బరు, కార్కు ఏదీ మళ్లీ వాడకండి.

ఇత్తడి జెట్లు, సూదులు నల్లబడి ఉంటాయి. వాటికి నేను చేసేది చెబితే ఇక్కడి తెల్ల మిత్రులు నవ్వుతారు: నిమ్మకాయంత చింతపండు గోరువెచ్చటి నీళ్లలో పిసికి, ఆ పులుసులో పావుగంట. మన ఇత్తడి బిందెలకు పనిచేసినది జెట్టుకు పనిచేయదా? తీసి మంచినీళ్లతో కడిగి, సన్నని రంధ్రాల్లోకి గాలి కొట్టండి. ఇత్తడి ముక్కల వరకే సుమా. కార్బురేటర్ మొత్తాన్ని పులుసులో వేయకండి. రంధ్రాల్లో గట్టి తీగ పొడవకండి, కొలత పెద్దదైతే జెట్టు వృథా.

తిరిగి బిగించాక పెద్ద సూదిని మెత్తగా చివరిదాకా తిప్పి, అక్కడినుంచి సుమారు రెండు చుట్లు వెనక్కి. అది మొదలుపెట్టే చోటు మాత్రమే. వేడెక్కాక చెవితో సర్దుకోవాలి. దొరికితే ఇథనాల్ కలపని పెట్రోలు పోయండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరును తినేస్తుంది.

ఆకుపచ్చపిచ్చి | మిల్వాకీ, విస్కాన్సిన్ | ఏప్రిల్ 17

ట్యాంకుకు ఆమ్లాలు వద్దు. చాకలి సోడా చాలు. గ్యాలను నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున కలిపి ట్యాంకు నింపండి. లోపల మామూలు ఇనుప కడ్డీ వేలాడదీయండి, అది ట్యాంకు గోడకు ఎక్కడా తగలకూడదు. బ్యాటరీ ఛార్జర్ ప్లస్ కడ్డీకి, మైనస్ ట్యాంకుకు. ఇది తారుమారైతే తుప్పు పోదు, ట్యాంకే కరుగుతుంది. రాత్రంతా బుడగలు వస్తాయి, పొద్దునకు కడ్డీ మీద కుంకుడు నురగ లాంటి గోధుమరంగు ముద్ద పేరుకుంటుంది.

ఆ బుడగలు హైడ్రోజన్. గ్యారేజీ లోపల చేయకండి, ఆరుబయట పెట్టండి. స్టెయిన్‌లెస్ కడ్డీ వాడకండి, క్రోమియం విషం నీళ్లలోకి దిగుతుంది.

సఫోక్ డాక్టరు | ఇంగ్లండ్ | ఏప్రిల్ 20

అడక్కుండా దూరుతున్నందుకు మన్నించండి. నేను ఎముకల డాక్టరును, పాత యంత్రాల పిచ్చి కూడా ఉంది. నా దగ్గర రాన్సమ్స్ ఎంజీ2 అనే బుల్లి ట్రాక్టర్ ఉంది. ఇప్స్‌విచ్‌లో 1936లో చేయడం మొదలుపెట్టారు. చక్రాలు లేవు, రెండు బుల్లి గొలుసుపట్టాలు, స్టర్మీ ఆర్చర్ 600 సీసీ ఇంజన్. డైనింగ్ టేబుల్ అంత యుద్ధట్యాంకును ఊహించుకోండి. పండ్ల తోటల్లో చెట్ల వరసల మధ్య దున్నడానికి చేశారు.

అసలు విషయానికి వస్తాను. అరవైల నాటి బండిలో సీటు స్విచ్చి ఉండదు. మీరు పడిపోయినా ఇంజన్ ఆగదు, కింద బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. మన ఇళ్లలో ట్రాక్టర్ కనబడగానే పిల్లవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పడం అలవాటు. ఇంజన్ ఆపి సీటులో కూర్చోబెట్టి ఎన్ని ఫొటోలైనా తీసుకోండి. కోత డెక్ తగిలించి ఉన్నప్పుడు మాత్రం పిల్లలు ఇంట్లో ఉండాలి. ఆ గాయాలు నేను కుట్టాను. ఇంతకంటే వివరంగా రాయను.

కొత్తచాలు | డేటన్, ఒహాయో | ఏప్రిల్ 20

డాక్టరు గారూ, సీటు స్విచ్చి విడిగా పెట్టుకోవచ్చా? మా అబ్బాయికి ఆరేళ్లు. మీ టపా మా ఆవిడకు చదివి వినిపించాను.

పాయింటుగ్యాప్ | మిషిగన్ | ఏప్రిల్ 21

పెట్టుకోవచ్చు, నేను నా బళ్లన్నిటికీ పెట్టాను. మీది బ్యాటరీ కాయిల్ ఇగ్నిషన్. కాయిల్‌కు వెళ్లే తీగ మధ్యలో సీటు కింద స్విచ్చి. లేస్తే తీగ తెగి ఇంజన్ ఆగాలి. కొందరు దీన్ని అపచారం అంటారు. అననివ్వండి.

పనిలో పనిగా, ఈ బండిలో స్టార్టరూ జనరేటరూ ఒకే డబ్బా, బెల్టుతో తిరుగుతుంది. బ్యాటరీ తీసి ఏళ్లయింది కాబట్టి ఛార్జింగ్ రాకపోవచ్చు. రాలేదని జనరేటర్ పారేయకండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు రెగ్యులేటర్ మీద బ్యాటరీ మర, జనరేటర్ మర రెండింటినీ చిన్న తీగతో ఒక్క క్షణం తాకించి తీసేయండి. చిటుక్కుమంటుంది. దాని అయస్కాంతానికి దిక్కు గుర్తు చేయడం అంతే.

గోదారిగట్టు | రావులపాలెం | మే 2

మీ ముచ్చట్లు చదువుతుంటే మా పాకలోని పవర్ టిల్లర్ గుర్తొచ్చింది. మిత్సుబిషి నమూనాలో బెంగళూరులో చేసినది, మా పెదనాన్న కాలం నాటిది. బెల్టు వేసి తిప్పితే ఇప్పటికీ లేస్తుంది. ఇలాంటి రెండు చక్రాలవి మీ వైపు సేకరిస్తారా, లేక నాలుగు చక్రాలుంటేనే లెక్కలోకి వస్తాయా?

దాపటెద్దు | సౌత్ బెండ్, ఇండియానా | మే 2

సేకరించకేం! గ్రేవ్‌లీ అని ఉంది, వెస్ట్ వర్జీనియాలోని డన్‌బార్. బెంజమిన్ గ్రేవ్‌లీ 1916లో మోటారు నాగలికి పేటెంటు తీసుకున్నారు. వెనక నడుస్తూ తోలాలి. బెల్టులు లేవు, అంతా గేర్లే. దాని పిచ్చివాళ్లు వేరే జాతి, మాతో కలవరు. మీ టిల్లర్ అమ్మకండి.

గోదారిగట్టు | రావులపాలెం | మే 2

అమ్మడం కాదు, అడిగేవాడే లేడు. ఇంకో మాట. వెనక చక్రాలు జారుతున్నాయని ఎవరో వేరే చర్చలో రాశారు. మా వైపు బరువు కోసం ట్రాక్టర్ టైర్లలో నీళ్లు నింపుతారు. అక్కడ నింపరా?

కొత్తచాలు | డేటన్, ఒహాయో | మే 3

జనవరిలో ఇక్కడ ఆ నీళ్లు రాయి అవుతాయండి.

దాపటెద్దు | సౌత్ బెండ్, ఇండియానా | మే 3

గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ ఉప్పు కలిపేవాళ్లు. ఎక్కడ కారినా రిమ్ములను తినేసింది. పాత బండి కొనేటప్పుడు వెనక రిమ్ము వాల్వు చుట్టూ చూడమనేది అందుకే. ఇప్పుడు బీట్‌రూట్ జాతి దుంపల రసం పోస్తున్నారు. బరువుంటుంది, తుప్పు పట్టించదు. నిజమే చెబుతున్నాను, నవ్వకండి.

కొత్తచాలు | డేటన్, ఒహాయో | జూన్ 6

నడుస్తోంది. నిన్న సాయంత్రం మూడో గేరులో ఇంటి చుట్టూ రెండు సార్లు తిరిగాను. ఒంటి సిలిండర్ కదా, నెమ్మదిగా ఉన్నప్పుడు ప్రతి దెబ్బా లెక్కపెట్టవచ్చు. ఆయిల్ మార్చి, బానెట్ లోపల 2006 కింద ఈ ఏటి తేదీ పెన్సిల్‌తో రాశాను. మధ్యలో ఇన్నేళ్ల ఖాళీ చూస్తే ఎలాగో ఉంది.

ఇప్పుడు రంగు సంగతి. కాళ్లు ఆనే చోట, చెయ్యి వేసి ఎక్కే చోట పసుపు పోయి ఇనుము మెరుస్తోంది. మిగతా చోట్ల వెలిసిపోయింది. ఇసుక కొట్టించి కొత్త రంగు వేయిద్దామని ఉంది. బానెట్ లోపల మాత్రం ముట్టుకోను.

ఆకుపచ్చపిచ్చి | మిల్వాకీ, విస్కాన్సిన్ | జూన్ 6

వేయించండి. కర్మాగారం నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చూడటంలో ఒక ఆనందం ఉంది. నా జాన్ డీర్ 112కు నాలుగు నెలలు పట్టింది, ప్రతి వాషరూ విప్పాను. ఆదివారం బయట పెడితే రోడ్డు మీది కార్లు ఆగుతాయి.

పాయింటుగ్యాప్ | మిషిగన్ | జూన్ 6

వద్దు. చెయ్యి వేసి ఎక్కే చోట రంగు పోయిందన్నారు. నలభై ఏళ్లు ఒకే మనిషి ఒకే చోట చెయ్యి వేశాడు. దాన్ని చెరిపేసి దుకాణంలో దొరికే డబ్బా రంగు పూస్తారా? తుప్పున్న చోట తుప్పు ఆపండి, మీద పల్చగా నూనె రాయండి, నడపండి. మెరిసే బళ్లు చివరికి గ్యారేజీలో దుప్పటి కింద కూర్చుంటాయి, బురద అంటుతుందని యజమానికే భయం. ఆకుపచ్చ గారూ, మీ 112 చివరిసారి నాగలి లాగింది ఎప్పుడు?

ఆకుపచ్చపిచ్చి | మిల్వాకీ, విస్కాన్సిన్ | జూన్ 7

పెళ్లి పట్టుచీరతో నాట్లు వేస్తామా? నా దగ్గర దున్నడానికి ఇంకో బండి ఉంది. ఇక నా 112 మామూలు ఆకుపచ్చ కూడా కాదు. 1969 నుంచి 1971 వరకు జాన్ డీర్ వాళ్లు ప్యాటియో వరస అని తెచ్చారు. తెల్ల ఒళ్లు, దాని మీద బానెట్టు, సీటు ఎరుపో నీలమో నారింజో పసుపో మీ ఇష్టం. నాది నారింజ. అప్పట్లో కొనేవాళ్లు మొహం తిప్పుకున్నారు, ఇప్పుడు వాటికోసం ఎగబడుతున్నారు. అలాంటి దాన్ని తుప్పుతో ఉంచమంటారా?

పాయింటుగ్యాప్ | మిషిగన్ | జూన్ 7

ఎగబడుతున్నారు కాబట్టే దొంగ ప్యాటియోలు పుట్టాయి. ఆకుపచ్చ బండికి నారింజ రంగు కొట్టి అమ్ముతారు. సీటు కింద, డ్యాష్ వెనక, రేకు మడతల్లో గోకితే పాత పొర చెబుతుంది. రంగు వేయని బండికి ఆ తంటా లేదు. నా వాదం ఇదే.

మల్లెపందిరి | ఎడిసన్, న్యూజెర్సీ | జూన్ 7

ఇద్దరూ ఆపండి. ఏటా ఒకసారి ఈ గొడవ. బండి ఆయనది.

నిర్వాహకుడు | జూన్ 8

రంగుల గొడవకు వేరే చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి. అలాగే నిన్న ఒక సభ్యుడు గవర్నర్ (ఇంజన్ వేగాన్ని హద్దులో ఉంచే పరికరం) తీసేసి బరువు లాగే పందేలకు ఇంజన్ వేగం పెంచడం గురించి అడిగారు, ఆ టపా తొలగించాం. ఈ ఇంజన్లు నిమిషానికి 3,600 చుట్లకు చేసినవి. పోత ఇనుము ఫ్లైవీల్‌ను అంతకు మించి తిప్పితే పగిలి ముక్కలు తూటాల్లా ఎగురుతాయి. పందెపు బళ్లకు వేరే ఫ్లైవీలు, చుట్టూ ఉక్కు కవచం ఉంటాయి. ఇంట్లో ప్రయత్నించవద్దు.

కొత్తచాలు | డేటన్, ఒహాయో | జూన్ 8

రంగు వేయించడం లేదు. మా ఆవిడ తేల్చేసింది: ఆ డబ్బుతో సీటు కొనమంది.

ఇంజన్ వేడెక్కాక బాగా వణుకుతోంది. లోపల బ్యాలన్స్ గేర్లు అని ఎక్కడో చదివాను. భయపడాలా?

పాయింటుగ్యాప్ | మిషిగన్ | జూన్ 9

కోలర్ కె-సిరీస్ ఇంజన్లలో కొన్నింటికి వణుకు తగ్గించడానికి లోపల ఆ గేర్లు పెట్టారు. అవి అరిగి ఊడితే ఇంజన్ దిమ్మెనే పగలగొట్టగలవు. అందుకే ఎప్పుడైనా ఇంజన్ పూర్తిగా విప్పితే చాలామంది వాటిని తీసేసి బిగిస్తారు. మీ నాటి ఇంజన్‌లో ఉండకపోవచ్చు. ముందు తేలిక పని చూడండి: ఇంజన్‌ను చట్రానికి పట్టే నాలుగు బోల్టులు బిగుతుగా ఉన్నాయా?

కొత్తచాలు | డేటన్, ఒహాయో | జూన్ 9

రెండు వదులుగా ఉన్నాయి. సిగ్గుగా ఉంది.

కొత్తచాలు | డేటన్, ఒహాయో | సెప్టెంబరు 1

ఆగస్టు చివర పోర్ట్‌లాండ్ వెళ్లొచ్చాను. ఇండియానాలోది. మా ఇంటినుంచి కారులో గంటన్నర లోపే. జే కౌంటీ మైదానంలో ట్రై-స్టేట్ ఇంజన్లు, ట్రాక్టర్ల సంబరం. కనుచూపు మేర పాత ఇంజన్లు, ఒక్కోటి ఒక్కో తాళంలో కొడుతూ ఉంటే చెవులకు మన జాతర డప్పులే. దాపటెద్దు గారిని అక్కడ కలిశాను, ఆయన కారు వెనక సీటు నిండా తుప్పు పట్టిన పుల్లీలు. విడిభాగాల బజారులో బ్రిన్లీ కంపెనీ నాగలి కొన్నాను, ఒకే రెక్క, 10 అంగుళాలది. రెక్క మీద తుప్పు ఉంది కానీ చట్రం వంకర లేదు.

ఒక సందేహం. పెరట్లో పాతిక గజాలు దున్నాను. మట్టి తిరగబడటం లేదు, గీరుకుపోతోంది. చాలు పక్కకు ఒరుగుతోంది.

దాపటెద్దు | సౌత్ బెండ్, ఇండియానా | సెప్టెంబరు 1

పుల్లీల సంగతి మా ఇంట్లో తెలియదు, ఇక్కడ రాయకండి.

దున్నేటప్పుడు కుడి చక్రాలు తవ్విన చాలులో, ఎడమవి దున్నని నేల మీద నడవాలి. అంటే బండి వాలి ఉంటుంది. నాగలిని చదును నేల మీద నిలువుగా బిగిస్తే, బండి వాలగానే నాగలీ వాలుతుంది. ఎడమ చక్రాలు రెండింటి కింద మీరు దున్నే లోతంత మందం చెక్కలు పెట్టండి, ఆరంగుళాలైతే ఆరంగుళాలు. అలా వాల్చి ఉంచి నాగలిని నిలువుగా సర్ది బిగించండి. తర్వాత చెక్కలు తీసేయండి.

కొత్తచాలు | డేటన్, ఒహాయో | సెప్టెంబరు 7

చెక్కల ఉపాయం చాలావరకు పనిచేసింది, మిగిలినది మా అత్తగారు సరిచేశారు. ఆవిడది తెనాలి దగ్గర పల్లె, ఆరు నెలలకు మా దగ్గరికి వచ్చారు. నేను నాలుగు చాళ్లు వేసేదాకా మెట్ల మీద కూర్చుని చూశారు. తర్వాత చెప్పులు విడిచి చాలులోకి దిగి, మడమతో అడుగు నొక్కి చూసి, "అడుగు గట్టిగా ఉంది, కర్రు దిగడం లేదు బాబూ, జారుతోంది" అన్నారు. నాగలి తిప్పి చూపించమన్నారు. బొటనవేలితో కర్రు మొన నిమిరి, మొద్దుబారి పైకి తిరిగిందని చెప్పారు. పట్టుకుని చూస్తే నిజమే, మొన బొటనవేలంత గుండ్రంగా ఉంది. మా పుట్టింట్లో దీన్ని కొలిమికి పంపి సాగగొట్టించేవాళ్లు, ఇక్కడ కమ్మరి ఎక్కడున్నాడు అని అడిగారు.

నేనూ అదే అడుగుతున్నాను. సాగగొట్టించాలా, కొత్త కర్రు దొరుకుతుందా?

పాయింటుగ్యాప్ | మిషిగన్ | సెప్టెంబరు 7

కర్రు విడిగా వస్తుంది, రెండు మూడు నాగలి బోల్టులతో బిగించి ఉంటుంది. బోల్టు తలలు నేల రాపిడికి అరిగి పోయుంటాయి, పానా పట్టదు. నట్టు వైపు కోసేయండి, కొత్త బోల్టులు కొనండి. అత్తగారికి నా నమస్కారాలు. ఆరు నెలల తర్వాత మా ఇంటికి కూడా రమ్మనండి.

మల్లెపందిరి | ఎడిసన్, న్యూజెర్సీ | సెప్టెంబరు 8

మా షెడ్డులో 10 అంగుళాల దానికి సరిపోయే కర్రు ఒకటి ఉంది, వాడలేదు. ముందు మీ పాతది విప్పి వెనక వైపు ఫొటో పెట్టండి, రంధ్రాల మధ్య దూరం కొలత వేసి రాయండి. బోల్టు రంధ్రాలు కలిస్తే తపాలాలో పంపిస్తాను.

కొత్తచాలు | డేటన్, ఒహాయో | సెప్టెంబరు 8

ఒక బోల్టు ఊడింది. రెండోది పానాకు జారిపోతోంది, రాత్రికి నూనె పోసి ఉంచాను. రేపు సాయంత్రం కోసి ఫొటో పెడతాను.